కొత్త కార్లు మోసే పని సంపాదించడం ఎలా

అమెరికాలో సొంత ట్రక్కుతో కొత్త కార్లు మోయాలనుకునేవారు చాలామంది ముందుగా తయారీ కంపెనీకే ఫోన్ చేస్తారు. ఆ శ్రమ దాదాపు వృథా. కార్ఖానాల నుంచి, రైలు యార్డుల నుంచి, బాల్టిమోర్, బ్రన్స్‌విక్ వంటి ఓడరేవుల నుంచి డీలర్లకు కార్లు చేర్చే కాంట్రాక్టులు సాధారణంగా పెద్ద రవాణా సంస్థల చేతిలో ఉంటాయి. తమ బళ్లు చాలనప్పుడు ఆ సంస్థలు బయటివారికి అప్పగించే లోడ్లే ఒకటి రెండు ట్రక్కులవారికి అందేవి. కనుక మీరు వెతకవలసింది ఆ సంస్థల్లో బయటి క్యారియర్లను చేర్చుకునే విభాగాన్ని.

అక్కడికి వెళ్లేముందు కాగితాలు సరిచూసుకోండి. యూఎస్ డాట్ నంబరు (రవాణా శాఖ ఇచ్చే గుర్తింపు సంఖ్య), ఆపరేటింగ్ అథారిటీ (కిరాయికి సరుకు మోసే ఫెడరల్ అనుమతి)తో పాటు, ఇతరులకు జరిగే నష్టానికి కనీసం 7,50,000 డాలర్ల లయబిలిటీ బీమా తప్పనిసరి. సరుకు బీమాను ఫెడరల్ నిబంధనలు అడగకపోయినా పని ఇచ్చేవారు అడుగుతారు: ఒక్కొక్కటి 50,000 డాలర్ల విలువైన ఎనిమిది కార్లు ఎక్కిస్తే మీ బండి మీద 4,00,000 డాలర్లున్నట్టే, లక్ష డాలర్ల పాలసీ దానికి ఏ మూలకూ రాదు.

అథారిటీ కొత్తదైతే కొంతకాలం సెంట్రల్ డిస్పాచ్ వంటి లోడ్ బోర్డుల్లో (మోయవలసిన లోడ్లను ప్రకటించే వెబ్‌సైట్లలో) దొరికే వేలం కార్లు మోసి పేరు తెచ్చుకోవడం మేలు. అక్కడ లోడు ఇప్పించే బ్రోకరుకు లైసెన్సు, 75,000 డాలర్ల హామీ బాండు ఉన్నాయో లేదో ట్రక్కు రవాణాను నియంత్రించే ఫెడరల్ సంస్థ ఎఫ్ఎంసీఎస్ఏ రికార్డుల్లో చూసుకున్నాకే లోడు ఒప్పుకోండి.

అయితే ఈ రంగంలో మిమ్మల్ని నిలబెట్టేది, నా దృష్టిలో, తనిఖీ కాగితమే. యార్డులో కారు ఎక్కించకముందే దాని చుట్టూ తిరిగి, వంగి బంపరు అడుగుభాగం కూడా చూసి, కనిపించిన ప్రతి లోపాన్నీ, అది ఎక్కడ, ఏ రకం, ఎంత అని చెప్పే ఐదంకెల కోడుతో రాయించాలి. 10121 అంటే ఎడమవైపు ముందు తలుపు మీద అంగుళం లోపు గీత. ఎక్కించేటప్పుడు మీరు రాయించని ఆ గీత డీలరు దగ్గర బయటపడితే దాని ఖర్చు మీ ఖాతాలోనే పడుతుంది. బెల్టు బకిల్, ఉంగరం, గడియారం తీసేసో కప్పుకునో పని చేయండి. గొలుసులకు బదులు చక్రాల మీదుగా బిగించే పట్టీలే వాడండి. ముందు ఒకటి, వెనుక ఒకటి కనీసం ఉండాలన్నది ఫెడరల్ నిబంధన. డీలర్‌షిప్ మూసేశాక కార్లు దించవలసి వస్తే నాలుగు వైపులా తేదీ, సమయం పడేలా ఫొటోలు తీసి, మర్నాడు సంతకం తెప్పించుకునే వరకు ఆ ఫొటోలను భద్రంగా ఉంచండి.

బండి ఎంపిక విషయంలో ఒక్క మాట: స్టింగర్ రకం బండికి (ట్రైలరును ట్రక్కు చివరి ఇరుసుకు వెనుకగా, కిందుగా తగిలించేది) జాతీయ రహదారుల మీద ట్రక్కుతో కలిపి 80 అడుగుల పొడవు అనుమతి ఉన్నా, మొత్తం బరువు మాత్రం మామూలుగా 80,000 పౌండ్లు దాటరాదు. బ్యాటరీ కార్లు బరువెక్కువ. తొమ్మిది చోట్లున్నాయని తొమ్మిది కార్లకు రేటు మాట్లాడుకుని, యార్డులో బరువు పరిమితి వల్ల ఏడు కార్లతో ఆగిపోతే నష్టం మీదే.

చాలామంది పట్టించుకోని దారి ఇంకొకటి ఉంది. కొనుగోలుదారు అడిగిన రంగు తమ దగ్గర లేనప్పుడు డీలర్లు మరో ఊరి డీలరుతో కారు మార్చుకుంటారు. ఒకటి రెండు కార్ల ఈ పని పెద్ద సంస్థలకు గిట్టుబాటు కాదు. మీరు తరచూ తిరిగే దారిలోని డీలర్‌షిప్‌లకు వెళ్లి, ఆ మార్పిడులు చూసే మేనేజరును కలిసి, వారంలో ఏ రోజు ఎటు వెళతారో, బండిలో ఎన్ని చోట్లు ఖాళీగా ఉంటాయో రాసి ఇచ్చి రండి.