ఐఫ్రేమ్‌లో పేజీ రావడం లేదా? ముందు కన్సోల్ తెరవండి

మీ పేజీలో ఇంకో పేజీని చూపించే ఐఫ్రేమ్ ట్యాగ్ పెట్టారు, అడ్రస్ సరిగ్గానే ఉంది, విడిగా ట్యాబ్‌లో తెరిస్తే పేజీ చక్కగా వస్తోంది, మీ పేజీలో మాత్రం ఖాళీ డబ్బా. ఇక్కడే చాలామంది వెడల్పు, ఎత్తు మారుస్తూ గంటలు పోగొట్టుకుంటారు. వాటిని ముట్టుకోకండి, ఎఫ్12 నొక్కి, బ్రౌజర్ తన ఎర్రర్లు రాసే కన్సోల్ చూడండి.

ఎర్ర అక్షరాల్లో ఎక్స్-ఫ్రేమ్-ఆప్షన్స్ అనో ఫ్రేమ్-యాన్సెస్టర్స్ అనో కనిపిస్తే మీ కోడ్‌లో తప్పేమీ లేదు. తన పేజీని ఇంకొకరి పేజీలో చూపించొద్దని అవతలి సైటే బ్రౌజర్‌కి చెప్పింది. దానికి గట్టి కారణమే ఉంది: ఏదో ఆట బటన్ మీద బ్యాంకు పేజీని కంటికి కనపడకుండా పరిచేస్తే, ఆట అనుకుని నొక్కిన మనిషి నిజానికి బ్యాంకు బటన్ నొక్కేస్తాడు, దీన్నే క్లిక్‌జాకింగ్ అంటారు. కాబట్టి జావాస్క్రిప్ట్‌తో దీన్ని దాటాలని చూడకండి, కుదరదు. అవతలి సైటు కూడా మీదే అయితే దాని సర్వర్‌లో ఫ్రేమ్-యాన్సెస్టర్స్‌కి (తన పేజీని ఎవరు చూపించొచ్చో చెప్పే జాబితాకి) మీ డొమైన్ చేర్చండి. పాత ట్యుటోరియల్స్‌లో ఎక్స్-ఫ్రేమ్-ఆప్షన్స్‌కి పెట్టమనే అలౌ-ఫ్రమ్‌ని ఇప్పటి బ్రౌజర్లు పట్టించుకోవు. సైటు మీది కాకపోతే వాళ్లిచ్చే ఎంబెడ్ లింకు, అంటే వేరే పేజీల్లో పెట్టుకోవడానికే ఇచ్చే అడ్రస్ వాడాలి. యూట్యూబ్‌లో మామూలు వాచ్ లింకు పెడితే వీడియో రాదు, షేర్‌లో ఎంబెడ్ దగ్గర ఉన్నది పెడితే వస్తుంది. అదీ లేదంటే మామూలు లింకు ఇచ్చేయడమే మంచిది.

కన్సోల్‌లో మిక్స్‌డ్ కంటెంట్ అని ఉందా? మీది హెచ్‌టీటీపీఎస్, లోపల పెట్టింది హెచ్‌టీటీపీ. లోపలి అడ్రస్‌లో హెచ్‌టీటీపీకి ఎస్ చేర్చి చూడండి.

ఐఫ్రేమ్ వచ్చింది గానీ దాని కింద రాసిందంతా మాయమైందా? ఇది నన్ను బాగా టెన్షన్ పెట్టింది, ఎందుకంటే కన్సోల్‌లో ఒక్క ఎర్రర్ కూడా ఉండదు. ఇమేజ్ ట్యాగ్‌లాగా చివర స్లాష్ పెట్టి వదిలేస్తే ఐఫ్రేమ్ మూసుకోదు, ఆ తర్వాతి పేరాలన్నీ దాని లోపలివే అనుకుని బ్రౌజర్ చూపించదు. ముగింపు ట్యాగ్ విడిగా రాయాల్సిందే.

చిన్న డబ్బాలా వస్తే సైజు ఇవ్వలేదన్నమాట, ఏమీ ఇవ్వకపోతే 300 బై 150 పిక్సెల్స్ తీసుకుంటుంది. ఎత్తు 100 శాతం అని రాసినా పెరగదు, దాని చుట్టూ ఉన్న డివ్ ట్యాగ్‌కి ఎత్తు లేనప్పుడు దేనిలో 100 శాతం? వీడియోకైతే వెడల్పు 100 శాతం, సీఎస్ఎస్‌లో యాస్పెక్ట్-రేషియో (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) 16/9 పెట్టండి. లోపలి పేజీని బట్టి ఎత్తు మారాలంటే, వేరే డొమైన్ పేజీ కొలతలు మీ స్క్రిప్ట్‌కి అందవు, ఆ పేజీయే పోస్ట్‌మెసేజ్‌తో (పేజీల మధ్య సందేశాలు పంపే జావాస్క్రిప్ట్ పద్ధతి) తన ఎత్తు పంపాలి. వచ్చిన మెసేజ్‌ని, అది ఏ సైటు నుంచి వచ్చిందో చెప్పే ఆరిజిన్ చూడకుండా మాత్రం వాడొద్దు.

లాగిన్ చేసినా మళ్లీ లాగిన్ పేజీయే వస్తుంటే, అది సాధారణంగా కుకీ (లాగిన్ గుర్తుంచుకోవడానికి సైటు బ్రౌజర్‌లో దాచే సమాచారం) సమస్య. లోపలి సైటు తన కుకీకి సేమ్‌సైట్ నన్ (వేరే సైట్లలోనూ పంపొచ్చు), సెక్యూర్ (హెచ్‌టీటీపీఎస్‌లోనే పంపాలి) రెండూ పెట్టాలి. అలా పెట్టినా సఫారీ వేరే డొమైన్ కుకీలను మామూలుగానే ఆపేస్తుంది, అందుకే లాగిన్ కావాల్సిన పేజీని కొత్త ట్యాబ్‌లో తెరిపించండి.