డిషెవెల్డ్: జుట్టును గుర్తుపెట్టుకుంటే వాడకంలో పొరపాటు రాదు

పోటీ పరీక్షలకు చదివేవాళ్లు డిషెవెల్డ్ (dishevelled) అనే ఇంగ్లిష్ మాట పక్కన ‘అన్‌టైడీ’ అని ఒక్క ముక్క రాసుకుని ముందుకు పోతారు. చిక్కంతా అక్కడే. ఆగమాగంగా ఉన్న ప్రతిదానికీ ఈ మాట నప్పదు.

ముందు పలకడం. ఎస్, హెచ్ పక్కపక్కన కనిపించేసరికి ‘డిస్-హెవెల్డ్’ అని విడగొడతారు. ఆ రెండూ కలిసి ‘ష’. డి-షె-వల్డ్ అని ‘షె’ మీద నొక్కి పలకాలి. బ్రిటిష్ స్పెల్లింగులో రెండు ఎల్‌లు, అమెరికన్‌లో ఒకటి. ఏదో ఒక పద్ధతికే కట్టుబడండి.

పాత ఫ్రెంచిలో ‘షెవెల్’ అంటే వెంట్రుకలు. దాని మూలం లాటిన్ ‘కాపిల్లుస్’. సైన్సులో చదివే క్యాపిలరీ కూడా అక్కడిదే, మన పాఠ్యపుస్తకం దాన్ని కేశనాళిక అన్నది అందుకే. తల మీద గుడ్డ లేకుండా జుట్టు విరబోసుకున్నవాళ్లకు మొదట డిషెవెల్డ్ అనేవారు. తర్వాత అది చెదిరిన జుట్టుకూ, నలిగిన బట్టలకూ, మొత్తం వాలకానికీ పాకింది. ‘డిస్’ తీసేసి ‘షెవెల్డ్’ అంటే చక్కగా ఉన్నట్టు అనుకోవద్దు, అలాంటి మాట వాడుకలో లేదు. నీట్ అంటే సరిపోతుంది.

అచ్చంపేట నుంచి మహబూబ్‌నగర్ దాకా బస్సులో కిటికీ పక్కన కూర్చుని దిగిన మనిషిని చూడండి. పొద్దున దువ్విన ఎంటికలు లేచి నిలబడ్డాయి, చొక్కా ఒకవైపు బయటికొచ్చింది. అది డిషెవెల్డ్. దువ్వెన పెట్టి చొక్కా సర్దుకుంటే పోతుంది. నెలల తరబడి నూనె, దువ్వెన ముట్టని చింపిరి తలకైతే అన్‌కెంప్ట్ నప్పుతుంది. దువ్వడానికి పాత ఇంగ్లిష్ మాట ‘కెంబ్’, అన్‌కెంప్ట్ అంటే దువ్వనిది. పట్టించుకోక పిచ్చిగా పెరిగిన తోటకూ ఇది వాడొచ్చు.

వెలిసిపోయి అరిగిన చొక్కా షాబీ. హాస్టల్ గదికి మెస్సీ అనండి. మెస్ అంటే మొదట వడ్డించిన భోజనం, హాస్టల్ మెస్‌లో ఆ వాసన ఇంకా ఉంది. కలగాపులగం అనే అర్థం తర్వాత వచ్చింది.

వాక్యంలో పెట్టేటప్పుడు చివరి ‘ఈడీ’ని చూసి భూతకాల క్రియ అనుకుని ‘హి డిషెవెల్డ్’ అని రాస్తారు. అది తప్పు. ‘హి లుక్డ్ డిషెవెల్డ్’ అనో, ‘హిజ్ డిషెవెల్డ్ హెయిర్’ అనో రాయాలి.