గొర్రెల మందతో కలిపి భూమి కొనేముందు

యాసంగి వరి కోతలు ముగిసి కల్లాలు ఖాళీ అయ్యేసరికి వరంగల్ చుట్టుపక్కల భూముల బేరాలు ఊపందుకుంటాయి. మృగశిర కార్తెలోపు రిజిస్ట్రేషన్ అయిపోతే వానాకాలం పంట తామే వేసుకోవచ్చని కొనేవారి ఆత్రం. ఈ బేరాల్లో ఇప్పుడు ఒక రకం తరచుగా కనిపిస్తోంది: ఐదెకరాల చెల్క, ఒక బోరు, ఒక రేకుల షెడ్డు, అందులో డెబ్బై ఎనభై గొర్రెలు, అన్నిటికీ కలిపి ఒకటే ధర. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ సొంత జిల్లాలో వ్యవసాయం పెట్టుకోవాలనుకునేవారికి, గల్ఫ్ నుంచి తిరిగి వచ్చి ఇక్కడే స్థిరపడదామనుకునేవారికి ఇది సులువైన దారిలా తోస్తుంది.

ఆ ఒకటే ధరకు మాత్రం ఒప్పుకోకండి. భూమి ధర వేరుగా, జీవాల ధర వేరుగా, షెడ్డూ మోటారూ వేరుగా చెప్పించండి. కలిపి అమ్మినప్పుడు భూమిలోని లోపం మంద వెనక, మందలోని లోపం భూమి వెనక దాక్కుంటుంది. నేల బాగుందన్న సంతోషంలో గొర్రె నోరు తెరిచి చూడరు. మంద కళకళలాడుతోందన్న సంబరంలో పహాణీ (భూమి ఎవరి పేరున ఉందో చూపే రెవెన్యూ రికార్డు) అడగరు. విడదీసి అడిగితే ఎకరం ధర పక్క రైతు చెప్పే ధరతో, గొర్రె ధర అంగడి ధరతో పోల్చుకోవచ్చు.

మధ్యవర్తితో మాట్లాడేటప్పుడు

ఊళ్ళో మధ్యవర్తి లేకుండా మంచి భూమి దొరకడం కష్టమే. ఎవరి అన్నదమ్ములు పంపకాలు చేసుకుంటున్నారో, ఎవరి బిడ్డ పెళ్ళికి డబ్బు అవసరమో అతనికే తెలుస్తుంది. ఆ పనికి ఒకటి రెండు శాతం కమీషన్ తీసుకోవడంలో తప్పు లేదు. అయితే కొందరు కమీషన్ మీద కాకుండా తేడా మీద బతుకుతారు. రైతుకు కొంత బయానా ఇచ్చి, మూడు నెలల గడువుతో అగ్రిమెంట్ రాయించుకుని, అదే భూమిని మీకు లక్షలు కలిపి చెబుతారు. గడువు దగ్గరపడేకొద్దీ తొందర మొదలవుతుంది. రేపు హైదరాబాదు నుంచి వేరే పార్టీ వస్తోంది, ఈరోజే టోకెన్ ఇవ్వండి అంటారు. అలా తొందరపెట్టిన రోజున ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

బయానాకు ముందు పట్టాదారు ఇంటికి వెళ్ళి, వారి అరుగు మీద కూర్చుని, "బాపూ, ఈ భూమికి ఇంతకుముందు ఎవరి దగ్గరైనా బయానా తీసుకున్నారా? మీ చేతికి ఎంత వస్తోంది?" అని అడగండి. మధ్యవర్తి ఈ కలయికకు అడ్డుపడితే మీకు కావలసిన సమాధానం అక్కడే దొరికినట్టు. కమీషన్ మొత్తం రిజిస్ట్రేషన్ పూర్తయ్యాకే ఇస్తానని ముందే చెప్పండి. ప్లాట్ల ప్రాజెక్టులకు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు ఉంటుంది కానీ, మామూలు వ్యవసాయ భూమి బేరంలో ఆ రక్షణ ఉండదు.

కాగితాలు

2025 ఏప్రిల్ 14న ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో భూ భారతి వచ్చింది. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, నిషేధిత జాబితాలో ఉందో లేదో ఇంట్లో కూర్చునే చూడవచ్చు. దానితోనే ఆగిపోకండి. 1954–55 ఖాస్రా పహాణీ నుంచి ఇప్పటివరకు ఆ నంబరులో ఎవరెవరి పేర్లు ఉన్నాయో, ఏ సంవత్సరం ఏ కారణంతో మారాయో వరుసగా చూడండి. పాత రిజిస్ట్రేషన్ల కోసం ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. పహాణీలో ఎక్కడైనా లావుణి పట్టా అనో, అసైన్డ్ అనో, ఇనాం అనో, భూదాన్ అనో, శిఖం (చెరువు గర్భం) అనో కనిపిస్తే అక్కడే ఆగి న్యాయవాదికి చూపించండి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. కొన్నా చెల్లదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. కౌలుదారీ చట్టం 38-ఈ సెక్షన్ కింద రక్షిత కౌలుదారులకు దక్కిన భూములకూ ఇదే జాగ్రత్త అవసరం.

ధర అనుమానాస్పదంగా తక్కువగా ఉంటే ఊరు ఏజెన్సీలో ఉందేమో చూడండి. ఏటూరునాగారం, తాడ్వాయి, కొత్తగూడ, అటు ఉట్నూరు వైపు షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1970లో సవరించిన భూ బదలాయింపు నిబంధన ప్రకారం గిరిజనేతరులు భూమి కొనడం చెల్లదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా చెల్లదు. ఇక్కడ మధ్యవర్తులు చూపించే అడ్డదారులన్నీ చివరికి కోర్టుకే చేరతాయి. అంతకంటే ముఖ్యం, ఆ నిబంధన ఆదివాసుల భూమిని కాపాడటానికి వచ్చింది. దాన్ని దాటాలని చూడకండి.

విదేశాల్లో ఉంటూ ఫోనులో బేరం కుదుర్చుకునేవారికి ఇంకొక మాట. ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనల ప్రకారం ప్రవాస భారతీయులు ఇక్కడ వ్యవసాయ భూమి, తోటలు, ఫాంహౌసు కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. పాస్‌పోర్టు మనదే కదా అని కరీంనగర్, జగిత్యాల వైపు చాలామంది అనుకుంటారు. ఈ నిబంధన చూసేది పాస్‌పోర్టును కాదు, నివాసాన్ని.

అన్నిటికంటే ఎక్కువగా బేరాలు చెడేది ఆడబిడ్డల సంతకాల దగ్గర. పాసుపుస్తకం అన్న పేరు మీద ఉంటుంది. భూమి తాతల నాటిది. అత్తగారింట్లో ఉన్న ఇద్దరు చెల్లెళ్ళను ఎవరూ అడగరు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు వచ్చింది. సవరణ అమలైన రోజుకు తండ్రి బతికి ఉండవలసిన అవసరం లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అందువల్ల కుటుంబ వృక్షం రాయించుకుని, ప్రతి కూతురూ వచ్చి సంతకం చేసేలా చూడండి. "మా చెల్లె ఏమీ అనదు" అన్న మాట మీద భూమి కొనకండి. ఆమె ఏమీ అనకపోవచ్చు, ఆమె హక్కు మాత్రం అలాగే ఉంటుంది. ఆమెకు రావలసింది ఆమెకు అందిందో లేదో కూడా కనుక్కోండి. అది మర్యాద, మీకు రక్షణ కూడా.

పంట రుణం బాకీ ఉందేమో బ్యాంకులోనూ సహకార సంఘంలోనూ విడివిడిగా అడగాలి. నోటి మాట మీద కౌలు చేస్తున్నవారు ఉంటే వారితో మాట్లాడాలి. పంట చేలో ఉంటే అది ఎవరిదో, కోత ఎప్పుడో అగ్రిమెంటులో రాయించాలి.

నేల మీద

పాసుపుస్తకంలో ఐదెకరాలు ఉంటే నేల మీద నాలుగెకరాల ఇరవై గుంటలే ఉండటం మన దగ్గర వింత కాదు. ఎకరానికి నలభై గుంటలు. ధర ఎక్కువగా ఉన్న చోట ప్రతి గుంటా డబ్బే. లైసెన్సు ఉన్న సర్వేయరుతో, చుట్టూ ఉన్న నలుగురు రైతులనూ పిలిచి కొలిపించండి. వారు రాకుండా కొలిచిన హద్దురాయి వానాకాలం దుక్కిదాకా కూడా నిలవదు.

ఆ రోజే బాట సంగతి తేల్చుకోండి. మధ్యవర్తి కారులో మిమ్మల్ని పొలం దాకా తీసుకెళ్ళి ఉంటాడు. ఎండాకాలంలో అందరి చేలూ ఖాళీగా ఉంటాయి కాబట్టి ఎటునుంచైనా వెళ్ళవచ్చు. జూలైలో పక్కాయన పత్తి పెట్టాక మీ ట్రాక్టరు ఎటునుంచి వెళుతుంది? ఎనభై గొర్రెలు రోజూ ఎటు నడుస్తాయి? గ్రామ నక్షాలో (సర్వే పటంలో) బండ్ల బాట గీత ఉందేమో చూడండి. లేకపోతే దారి ఇచ్చే రైతుతో రిజిస్టర్డ్ కాగితం కావాలి. మంద నడిచే దారి మీద వచ్చిన గొడవ ఊళ్ళో అంత త్వరగా చల్లారదు.

చెరువు దగ్గరి భూమి ఎండాకాలంలో నల్లగా, మెత్తగా ఆశ పెడుతుంది. అది శిఖం కావచ్చు, లేదా చెరువు నిండితే మునిగే చోటు కావచ్చు. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వానకు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని ఊళ్ళో ముసలివారిని అడగండి. కర్ర పెట్టి చూపిస్తారు.

బోరును ఏప్రిల్, మే నెలల్లోనే పరీక్షించాలి. రెండు రోజులు మోటారు ఆపి, మీరు రాగానే వేస్తే ఏ బోరైనా నిండుగా పోస్తుంది. తెల్లవారుజామున వేయించి ఐదారు గంటలు ఆపకుండా నడిపించండి. మొదటి గంటలో ఒక డ్రమ్ము నిండటానికి ఎంతసేపు పట్టిందో, చివరి గంటలో ఎంత పట్టిందో గడియారంతో చూడండి. పక్క చేల బోర్లు కూడా నడుస్తున్న రోజునే ఈ పని చేయండి. శ్రీరాంసాగర్ కాలువ నీళ్ళు వస్తాయని చెబితే, మధ్యవర్తిని వదిలేసి చివరి ఆయకట్టు రైతును అడగండి.

మందను చూడటం

చీకటి పూర్తిగా విడవకముందే, గొర్రెలను మేతకు వదలకముందే వెళ్ళండి. రాత్రి వేసిన పెంట చూస్తే పారుడు ఉందో లేదో తెలుస్తుంది. పొద్దెక్కాక వెళితే కడుపు నిండా మేసి, నీళ్ళు తాగి ఉబ్బిన గొర్రెలన్నీ చూడివే అన్నట్టు ఉంటాయి. గేటు సగం మూసి ఒక్కొక్కటిగా బయటికి వదలమనండి. లెక్క అలాగే తేలుతుంది, కుంటేది కూడా అప్పుడే కనిపిస్తుంది.

తర్వాత కనీసం పదిహేను ఇరవై గొర్రెలను మీరే ఎంచి పట్టించండి. వాళ్ళు పట్టి ఇచ్చినవి వద్దు. కింది పెదవి దించి పళ్ళు చూడండి. రెండు పెద్ద పళ్ళుంటే ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు, నాలుగుంటే సుమారు రెండేళ్ళు, ఎనిమిదీ వస్తే మూడున్నర నాలుగేళ్ళు దాటినట్టు. పళ్ళు అరిగి, సందులు పడి, ఊడిపోయిన గొర్రె ఇంకొక ఈత ఈనడమే గొప్ప. కంటి కింది రెప్పను బొటనవేలితో లాగి చూడండి. లోపల ఎర్రగా ఉంటే మంచిది. తెల్లగా పాలిపోయి ఉంటే కడుపులో నట్టలు రక్తం తాగుతున్నట్టు. దవడ కింద మెత్తని నీటి వాపు ఉంటే, చెరువు గట్టు కింద మేసే మంద అయితే, కార్జపు జలగను (కాలేయంలో చేరే పురుగును) అనుమానించండి. పొదుగు పిసికి గడ్డలున్నాయేమో చూడండి. మందను కాస్త పరుగెత్తించి దగ్గు వినండి. పోతుకు (విత్తనపు పొట్టేలుకు) రెండు వృషణాలూ సమానంగా, గట్టిగా ఉండాలి. అది ఈ మందలోనే పుట్టిందా, బయటినుంచి తెచ్చారా అన్నది తప్పక అడగండి. ఇరవై ఇరవై ఐదు గొర్రెలకు ఒక పోతు చాలు.

చెవికి ట్యాగు ఉంటే అది ఎక్కడిదో కనుక్కోండి. 2017లో మొదలైన ప్రభుత్వ పంపిణీ పథకం కింద గొల్ల కురుమలకు సబ్సిడీపై ఇచ్చిన గొర్రెలను అమ్మకూడదన్న షరతు ఉంది. అలాంటివి కొని కేసుల్లో ఇరుక్కోవద్దు.

అరువు మంద సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఎండాకాలంలో పొలాల్లో ఎరువు కోసం కాపరుల చేత మందలు పెట్టించడం మన దగ్గర మామూలే. అలా వచ్చిన మందను షెడ్డులో నిలిపి తమదేనని చూపించవచ్చు. ఇంకొక రోజు చెప్పకుండా సాయంత్రం వెళ్ళండి. సొంత మంద అయితే షెడ్డు దగ్గరికి రాగానే ఎవరూ తోలకుండానే లోపలికి నడుస్తుంది. లోపల కట్టేసిన పిల్లలు అరుస్తాయి, తల్లులు తమ పిల్లను వెతుక్కుంటూ పరుగెడతాయి. పరాయి మంద గేటు దగ్గర నిలబడి దిక్కులు చూస్తుంది.

కాపరి ఉంటాడా, వెళ్ళిపోతాడా అని అతనితోనే విడిగా మాట్లాడండి. ఏ గొర్రె ఎప్పుడు ఈనిందో, దేనికి చూడి పడిపోయిందో అతనికే తెలుసు. అతను వెళ్ళిపోతే మీరు కొన్న మంద విలువ సగం పడిపోతుంది.

మేత లెక్క

"ఈ గుట్ట అంతా మేతే" అని మధ్యవర్తి చెయ్యి చూపిస్తాడు. ఆ గుట్ట అటవీ శాఖదా, గ్రామానిదా, ఇన్నాళ్ళూ ఎవరి మందలు మేశాయన్నది ఊరి గొర్రెల పెంపకందారుల సహకార సంఘంలో అడగండి. పెద్ద గొర్రెకు రోజుకు నాలుగైదు కిలోల పచ్చిమేత కావాలి. ఎనభై గొర్రెలకు 3.2 నుంచి నాలుగు క్వింటాళ్ళు. బయటి మేత దొరకకపోతే నీటి వసతి ఉన్న ఎకరం రెండెకరాలు సూపర్ నేపియర్‌కూ దశరథ గడ్డికీ పోతాయి. ఐదెకరాల్లో మిగిలేది ఎంత, ఆ బోరు రెండింటికీ సరిపోతుందా అని కొనకముందే లెక్క వేయండి.

డబ్బు

స్థిరాస్తి కొనుగోలులో 20,000 రూపాయలు, అంతకుమించి నగదు ఇచ్చిపుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం సాధారణంగా అనుమతించదు. బయానా నుంచి చివరి వాయిదా వరకు పట్టాదారు ఖాతాకే వేయండి, మధ్యవర్తి ఖాతాకు కాదు. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం లెక్కలో ఉంచుకోండి. గొర్రెలకు వేరే కాగితం రాయించండి. ఎన్ని తల్లులు, ఎన్ని పిల్లలు, ఎన్ని పోతులు, ట్యాగుంటే నంబర్లు, ఏ రోజు స్వాధీనం, అప్పటిదాకా చనిపోయినవి ఎవరి నష్టం అన్నవి అందులో ఉండాలి. పైసలు భూమి రిజిస్ట్రేషన్ రోజున కాకుండా మంద స్వాధీనమైన రోజున ఇస్తానని చెప్పండి.

మంద చేతికి వచ్చాక

మీకు ఇదివరకే జీవాలుంటే మూడు వారాలపాటు రెండు మందలనూ కలపకండి. నీళ్ళ తొట్లు కూడా వేరుగా ఉండాలి. పీపీఆర్ (పారుడు రోగం), మశూచి టీకాలు ఎప్పుడు వేశారో చెప్పలేకపోతే వేయలేదనే అనుకుని పశువైద్యుడిని పిలవండి. సంచార పశువైద్యశాలకు 1962కు ఫోను చేయవచ్చు. తొలకరికి ముందే నట్టల మందు తాగించి, పేగుల్లో విషం చేరి వచ్చే చిటుక రోగానికి టీకా వేయించండి. మొదటిసారి వేసేవాటికి రెండు వారాల తర్వాత మళ్ళీ వేయాలి. వానలు పడగానే లేత గడ్డి మీదికి ఆకలితో వదలకండి, ముందు కాస్త ఎండుమేత పెట్టండి. జొన్న కోసిన చేలలో మళ్ళీ మొలిచే విషపు పిలకల (నాము) దగ్గరికి మంద వెళ్ళకూడదు. పక్క పత్తి చేలో మందు కొట్టిన రోజు ముందే చెప్పమని ఆ రైతు ఫోను నంబరు తీసుకుని కాపరికి ఇవ్వండి.