ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసపడే పాత బండి: ఫ్యూయల్ ఫిల్టర్ సమస్య, పరిష్కారం

బండి స్టార్ట్ అవుతుంది. స్లోలో చక్కగా ఆడుతుంది. కాస్త దూరం పోయాక ఎత్తు ఎక్కేటప్పుడో, స్పీడు అందుకునేటప్పుడో పికప్ పడిపోయి జర్కులు ఇస్తుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా లాగదు. పక్కకి ఆపి పది నిమిషాలాగి సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్టు మళ్లీ పరుగెడుతుంది. పాత బండిలో ఈ వరుస కనిపిస్తే నేను మొదట చూసేది ఫ్యూయల్ ఫిల్టర్‌నే, అంటే ట్యాంక్ నుంచి ఇంజన్‌కి వెళ్లే పెట్రోల్‌లోని మురికిని జాలీతో పట్టే డబ్బీని.

స్లోలో ఇంజన్‌కి కావాల్సిన పెట్రోల్ చాలా తక్కువ. సగం పూడుకుపోయిన ఫిల్టర్ కూడా ఆ మాత్రం అందించగలదు. లోడ్ పడగానే కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం) లోపల పెట్రోల్ నిలవుండే గిన్నె, అంటే ఫ్లోట్ చాంబర్, నిండే దానికంటే వేగంగా ఖాళీ అవుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఫిల్టర్‌లో పేరుకున్న మురికి కొంత కిందికి దిగుతుంది, దారి కాస్త తెరుచుకుంటుంది. అందుకే ఆ పది నిమిషాల తర్వాత బాగుపడినట్టు అనిపిస్తుంది.

అయితే ఇలాగే కనిపించే జబ్బులు ఇంకొన్ని ఉన్నాయి. బండి ఆగిపోయిన వెంటనే ట్యాంక్ మూత తీయండి. గాలి బుస్సుమని లోపలికి పీల్చుకుని, ఆ తర్వాత బండి మామూలుగా నడిస్తే తప్పు మూతలోని గాలి రంధ్రానిది. దాన్ని శుభ్రం చేస్తే చాలు. తొక్కుతూ పోతుంటే స్విచ్ తీసేసినట్టు ఒక్కసారిగా ఆగిపోతే ఇగ్నిషన్ వైపు, ముఖ్యంగా ప్లగ్‌కి స్పార్క్ అందించే కాయిల్ వేడెక్కిందేమో చూడండి. పెట్రోల్ అందని బండి అలా ఆగదు, ఆయాసపడుతూ ఆగుతుంది. ఇక లోపలున్నది కనిపించే ప్లాస్టిక్ ఫిల్టర్ సగమే నిండి ఉందని కంగారు పడొద్దు. కార్బురేటర్ బండ్లలో చాలాసార్లు అది అలాగే ఉంటుంది.

కొత్తది ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ధర కాదు, ప్రెషర్. కార్బురేటర్ బండిలో పంపు ఇచ్చేది సుమారు 3 నుంచి 6 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత, చదరపు అంగుళానికి పౌండ్లు). కార్బురేటర్ బదులు పెట్రోల్‌ని ప్రెషర్‌తో చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో చాలా వాటిలో అది 35 నుంచి 60 పీఎస్‌ఐ దాకా ఉంటుంది. కార్బురేటర్ కోసం చేసిన ప్లాస్టిక్ ఫిల్టర్‌ని ఇంజెక్షన్ లైన్‌లో పెడితే పగిలి పెట్రోల్ వేడి ఇంజన్ మీద చిమ్ముతుంది. దయచేసి ఒక్క రోజుకి కూడా అలా నడపొద్దు. హోస్, క్లిప్పులు కూడా ఆ ప్రెషర్‌కి తగ్గవే ఉండాలి. ఫిల్టర్ నాజిల్ (హోస్ ఎక్కించే మూతి) సైజు హోస్‌కి సరిగ్గా సరిపోవాలి: 6 మి.మీ. నాజిల్ మీద 8 మి.మీ. హోస్ ఎక్కించి క్లిప్పు బిగించినా ఏదో ఒక రోజు కారుతుంది. జాలీ ఎంత సన్నగా ఉంటే అంత మంచిదన్న మాట కూడా నిజం కాదు. పంపు లేకుండా ట్యాంక్ నుంచి ధారగా దిగే మోటార్‌సైకిల్‌కి మరీ సన్నని జాలీ పెడితే పెట్రోలే దిగదు. అందంగా ఉండే గాజు ఫిల్టర్లను నేను ఇంజన్ పైన పెట్టను. వణుకుడికి వాటి జాయింట్లు వదులవుతాయి.

మార్చే పని చల్లబడిన ఇంజన్ మీదే చేయాలి. బ్యాటరీ నెగటివ్ తీసేయండి, దగ్గర్లో నిప్పు లేకుండా చూడండి, మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి. ఇంజెక్షన్ బండి అయితే బ్యాటరీ తీసే ముందే పంపు ఫ్యూజ్ పీకి, ఇంజన్ దానంతట అది ఆగేదాకా నడపాలి. అప్పటికీ కొంత ప్రెషర్ మిగిలి ఉంటుంది కాబట్టి జాయింట్ చుట్టూ గుడ్డ చుట్టి విప్పండి. కొత్త ఫిల్టర్ మీది బాణం గుర్తు ఇంజన్ వైపు ఉండాలి. బిగించాక పెట్రోల్ రప్పించి, ప్రతి జాయింట్ చుట్టూ వేలితో తడిమి తడి లేదని తేలాకే బండి తీయండి.

డీజిల్ బండిలో ఇంకో పని ఉంటుంది, ఎయిర్ తీయడం, అంటే లైన్‌లో చిక్కుకున్న గాలిని బయటికి పంపడం. బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి డీజిల్ గట్టి ధారగా వచ్చేదాకా చేతి పంపు కొట్టాలి. ఎయిర్ ఉండగానే సెల్ఫ్ కొడుతూ పోతే పాడయ్యేది స్టార్టర్ మోటారే. ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే స్క్రూ ఉంటే మధ్యమధ్యలో దాన్ని విప్పి నీళ్లు తీసేయండి.

తీసిన పాత ఫిల్టర్‌ని మాత్రం వెంటనే పారేయకండి. పెట్రోల్ వచ్చే వైపు కిందికి వంచి, తెల్లటి గిన్నెలోకి వంపి చూడండి. గోధుమరంగు పొడి పడితే ట్యాంక్ లోపల తుప్పు పడుతోంది. నల్లటి రేకులు వస్తే హోస్ లోపలి పొర ఊడుతోంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాత రబ్బరుని ఇలా తినేస్తుంది. అడుగున ముత్యాల్లా దొర్లేవి నీటి బొట్లు. డీజిల్‌లో జిగురు జిగురుగా నల్లటి బురద వస్తే ట్యాంక్‌లో నీళ్లు చేరి సూక్ష్మజీవులు పెరిగాయని అనుమానించాలి. నేను ఒక కారుకి నెలలో మూడు ఫిల్టర్లు మార్చాక గానీ ట్యాంక్ దించి చూడలేదు. లోపల పెట్రోల్ పీల్చే పికప్ పైపు చివరి జాలీ తుప్పుతో అట్టకట్టుకుపోయి ఉంది. ట్యాంక్ కడిగించి, హోస్‌లన్నీ మార్చాక నాలుగో ఫిల్టర్ శుభ్రంగా నిలబడింది.

అందుకే కొత్తది వేసిన వారానికి మళ్లీ బానెట్ ఎత్తి క్లిప్పులు బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. ఫిల్టర్ అప్పుడే రంగు మారి ఉంటే ఇంకో ఫిల్టర్ కొనకండి, ట్యాంక్ దించండి.