నైట్ షిఫ్ట్ దిగి వచ్చాక నిద్ర పట్టకపోతే: సమస్య - పరిష్కారం

అమెరికా టైమింగ్స్‌కి పనిచేసే గచ్చిబౌలి కుర్రాళ్ళయినా, రాత్రి డ్యూటీ నర్సులైనా, వాచ్‌మన్‌లైనా చెప్పేది ఒకటే: "ఒళ్ళు హూనమైపోతోంది, రెప్ప మాత్రం వాలట్లేదు." ఆరేళ్ళు నేనూ ఆ షిఫ్టే చేశాను. పగటి నిద్రను ఇంట్లోవాళ్ళు బద్ధకం కింద జమకడతారు. కానీ మీకు అదే రాత్రి. రోజుకు కనీసం 7 గంటల నిద్ర మీకూ కావాల్సిందే.

సమస్య: పడుకుని గంటన్నరైనా నిద్ర రాదు

కారణం: పని టెన్షన్ అనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం వెలుతురు. మన మెదడులో ఒక గడియారం ఉంది. కంట్లో పడే వెలుతురును బట్టి అది టైం సరిచేసుకుంటుంది. పొద్దున ఏడింటికి క్యాబ్ కిటికీలోంచి ఎండ ముఖం మీద పడగానే "తెల్లారింది" అనుకుని, నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోన్‌ను ఆపేస్తుంది.

పరిష్కారం: ఆఫీసు గేటు దాటకముందే నల్ల కళ్ళద్దాలు పెట్టుకోండి (బండి మీరే నడుపుతూ, కళ్ళు మూతలు పడుతుంటే మాత్రం వద్దు). ఇంటికొచ్చాక ఫోన్ పక్కన పెట్టేయండి. గది ఎంత చీకటిగా ఉండాలంటే, చెయ్యి చాపితే వేళ్ళు కనిపించకూడదు. మా ఇంట్లో పరదాకీ గోడకీ మధ్య బెత్తెడు సందు ఉండేది. పదింటికల్లా అందులోంచి ఎండ గీతలా దిగి సరిగ్గా నా దిండు మీదే పడేది. నాలుగు బట్టల క్లిప్పులతో ఆ సందు మూశాకే నేను మధ్యాహ్నం దాకా నిద్రపోగలిగాను.

సమస్య: పడుతుంది, కానీ మాగన్నుగానే

తెల్లవారుజామున నాలుగింటికి తాగిన టీ గుర్తుందా? ఒంట్లోకి వెళ్ళిన కెఫీన్‌లో సగం దిగడానికే సుమారు 5 గంటలు పడుతుంది. టీ, కాఫీలు షిఫ్టు మొదటి సగంలోనే ముగించండి. ఒక పెగ్గు వేస్తే నిద్రొస్తుందనే మాట నమ్మకండి. మందు కళ్ళు మూయిస్తుంది గానీ, తర్వాత నిద్రను ముక్కలు చేస్తుంది.

సమస్య: పదకొండింటికే మెలకువ

కారణం: కుక్కర్ విజిల్, కూరగాయల బండి మైకు, కొరియర్ బెల్లు. దానికి తోడు పగలు ఒంటి వేడి పెరుగుతుంది, అది మేలుకునే వేళ.

పరిష్కారం: ఫ్యాన్ హోరు చిన్న చప్పుళ్ళను మింగేస్తుంది. ఫోన్ సైలెంట్‌లో పెట్టి, తలుపుకి చీటీ అంటించండి. ఇంట్లోవాళ్ళకు ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పండి: "రాత్రి రెండింటికి మిమ్మల్ని లేపితే ఎలా ఉంటుందో, నాకు పదకొండింటికి అలా ఉంటుంది." అయినా 5 గంటలే పడితే కంగారొద్దు. షిఫ్టుకు వెళ్ళేముందు ఇంకో గంటన్నర పడుకోండి.

సమస్య: సెలవు తర్వాత మొదటి షిఫ్టు నరకం

సెలవు రోజున పూర్తిగా పగటి మనిషిగా మారిపోతే గడియారం మళ్ళీ తిరగబడుతుంది. మధ్యేమార్గంగా తెల్లవారుజాము మూడింటికి పడుకుని పదకొండింటికి లేవండి. మార్చి, నవంబర్లలో అమెరికావాళ్ళు గడియారం మార్చినప్పుడు మన షిఫ్టు కూడా గంట జరుగుతుంది. నాలుగు రోజుల ముందు నుంచే రోజుకో పావుగంట జరుపుతూ వస్తే ఇబ్బంది ఉండదు.

సమస్య: బండి మీద తూగు

దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుంది. మన చట్టం డ్రైవింగ్‌కు పెట్టిన హద్దు 0.03. పాటల సౌండ్ పెంచినా, ముఖాన నీళ్ళు కొట్టుకున్నా లాభం లేదు. పార్కింగ్‌కు వెళ్ళేముందే 20 నిమిషాలు కునుకు తీయండి, లేదా క్యాబ్ ఎక్కండి.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే

గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరాగినట్టయి ఉలిక్కిపడుతున్నారని పక్కవాళ్ళు చెబితే అది స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగిఆగి ఆడే జబ్బు) కావచ్చు. డాక్టర్‌ను కలిసి స్లీప్ స్టడీ (నిద్రపోతున్నప్పుడు చేసే పరీక్ష) గురించి అడగండి. వారానికి మూడు రోజులు, మూడు నెలలుగా నిద్ర లేకపోయినా వెళ్ళాల్సిందే. సీబీటీ అనే కౌన్సెలింగ్ పద్ధతి ఈ నిద్రలేమికి మందుల కంటే ముందు చేసే వైద్యం. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం కొనకండి.