పిచ్ షాట్ ఒకసారి నేలలోకి, మరొకసారి గ్రీన్ అవతలికి పోతుంటే

గోల్ఫ్‌లో గ్రీన్‌కు, అంటే రంధ్రం చుట్టూ గడ్డిని బాగా పొట్టిగా కత్తిరించిన చోటికి, 30 నుంచి 90 గజాల దూరంలో పిచ్ షాట్ (బంతిని ఎత్తుగా లేపి గ్రీన్ మీద దింపే షాట్) తప్పుతోందని చెప్పేవారు దాదాపు అందరూ స్వింగ్ దగ్గరే మొదలుపెడతారు. బంతి ఎలాంటి నేల మీద ఉంది, చేతిలోని వెడ్జ్ (బంతిని లేపడానికి ముఖం బాగా వాలి ఉండే కర్ర) అడుగున ఆ వాలును తెలిపే ఏ అంకె ఉంది అని అడిగితే మాత్రం తడుముకుంటారు. 46 డిగ్రీల పిచింగ్ వెడ్జ్‌తో కొట్టి, 56 డిగ్రీల శాండ్ వెడ్జ్‌తో కొట్టినట్లు బంతి ఆగలేదని బాధపడటంలో అర్థం లేదు. కాబట్టి ముందు ఒంగి గడ్డిని చూడండి, తర్వాత వెడ్జ్ అంకె చూడండి. ఆ రెండూ సరిగ్గా ఉన్నాకే కింది విషయాలు చదవండి. ఇవన్నీ కుడిచేతివాటం వారిని దృష్టిలో పెట్టుకుని రాసినవి.

సమస్య: ఒక షాట్‌లో వెడ్జ్ బంతి వెనకే నేలలో దిగబడుతుంది, మరుసటిది బంతి నడుముకు తగులుతుంది

మొదటి షాట్‌లో అరచేయంత మట్టిపెళ్ళ లేస్తుంది, బంతి పది గజాల్లో కూలబడుతుంది. తర్వాతి షాట్‌లో అంచు బంతి మధ్యకు తగిలి, అది నేలబారుగా దూసుకుపోయి గ్రీన్ అవతలి బంకర్‌లో (ఇసుక గుంటలో) పడుతుంది. పక్కనున్నవారు వెంటనే "తల ఎత్తేశారు" అంటారు. ఆ మాట నమ్మి ఒక వర్షాకాలమంతా తలను రాయిలా నిలిపి కొట్టి, మెడనొప్పి తప్ప ఏమీ సాధించలేకపోయిన అనుభవం నాది. అసలు కారణం తలలో లేదు, చేతుల్లో ఉంది: గ్రిప్‌ను (కర్ర పిడిని) బంతికన్నా మరీ ముందుకు, అంటే లక్ష్యం వైపు, నెట్టి పట్టుకోవడం.

దీని మర్మం వెడ్జ్ అడుగున ఉంది. వెడ్జ్‌ను బల్ల మీద నిలబెట్టి పక్కనుంచి చూడండి. సోల్ (అడుగు) వెనక భాగం ముందంచు కన్నా కిందికి ఉబ్బి కనిపిస్తుంది. ఆ వాలును బౌన్స్ అంటారు. నేలను తాకినప్పుడు వెడ్జ్ గుచ్చుకోకుండా జారిపోయేలా చేసేది అదే. 1932లో ది ఓపెన్ గెలిచిన జీన్ సారజెన్ తన నిబ్లిక్ (ఎక్కువ వాలున్న పాతకాలపు ఇనుప కర్ర) అడుగు వెనక టంకం కరిగించి పోసి ఆ ఉబ్బును పెంచుకున్నాడు. ఇసుకలో అంచు దిగబడకుండా చూడటమే ఆయన ఉద్దేశం. ఇప్పుడు లెక్క చూడండి. 56 డిగ్రీల లాఫ్ట్ (ముఖం వాలు), 10 డిగ్రీల బౌన్స్ ఉన్న వెడ్జ్ షాఫ్ట్‌ను (కాడను) బంతిని తాకే వేళకు 10 డిగ్రీలు ముందుకు వాల్చారనుకోండి. లాఫ్ట్ 46కు పడిపోతుంది, బౌన్స్ సున్నా అవుతుంది. డబ్బు పెట్టి కొన్న శాండ్ వెడ్జ్ చేతిలో గునపమవుతుంది. ఇక బంతికి అర అంగుళం వెనక తగిలినా దిగబడటమే. ఒకసారి దిగబడ్డాక శరీరం భయపడి తదుపరి షాట్‌కు తనంతట తానే పైకి లేస్తుంది. తల ఎత్తినట్లు కనిపించేది ఆ భయం వల్లనే. బర్ముడా గడ్డి మనకు ఎదురుగా వాలి ఉన్నప్పుడు ఈ తప్పు రెట్టింపుగా బయటపడుతుంది.

ఇది ఇంతకాలం దొరక్కుండా దాక్కోవడానికి రేంజ్‌లోని (సాధన చేసే మైదానంలోని) మ్యాట్ ఒక కారణం. బంతికి రెండంగుళాల వెనక తగిలినా వెడ్జ్ మ్యాట్ మీద జారి బంతిని చక్కగా లేపుతుంది. అక్కడ వంద బంతులు కొట్టి కోర్సుకు వెళితే మొదటి పిచ్‌కే మట్టి లేస్తుంది.

తెలుసుకునే దారి సులువైనది. కాస్త తడి నేల మీద ఐదారు షాట్లు కొట్టి, ప్రతిసారీ సోల్‌ను తుడిచే ముందు చూడండి. మట్టి ముందంచు మీదే సన్నని గీతలా అంటితే మీరు తవ్వుతున్నట్లు. సోల్ మధ్యలో పచ్చని గడ్డిమరక పరచుకుంటే సరిగ్గా జారుతున్నట్లు.

పరిష్కారానికి బంతిని రెండు మడమల నడుమ సరిగ్గా మధ్యలో ఉంచండి. మడమలను బట్టే కొలవాలి, ఎందుకంటే ఎడమ పాదాన్ని బయటికి తిప్పి నిలబడినప్పుడు వేళ్ళను బట్టి చూసిన మధ్యచోటు మోసం చేస్తుంది. గ్రిప్ కొన బొడ్డుకు కొద్దిగా ఎడమగా ఉంటే చాలు, ఎడమ తొడ దాకా పోనక్కర్లేదు. బరువు ఎడమ కాలి మీద కాస్త ఎక్కువగా ఉంచి, కొట్టాక ఛాతీ లక్ష్యం వైపు తిరిగేదాకా శరీరాన్ని ఆపకండి. శరీరం ఆగిన చోట చేతులు ఒంటరిగా ముందుకు లాగుతాయి, పాత తప్పు తిరిగి వస్తుంది. బంతి లేకుండా గడ్డి చిగుళ్ళు మాత్రమే తెగేలా ఇరవైసార్లు ఊపి, ఆ మెత్తని చప్పుడు చెవికి అలవాటయ్యాకే బంతి పెట్టండి.

అయితే షాఫ్ట్ వాల్చడం ప్రతిసారీ తప్పేమీ కాదు. ఎండకు గట్టిపడిన నేల మీద ఎక్కువ బౌన్స్ ఉన్న వెడ్జ్ ఎగిరి బంతి నడుముకు తగులుతుంది కాబట్టి అక్కడ కొద్దిపాటి వాలు అవసరం. గాలికి ఎదురుగా కొట్టే తక్కువ ఎత్తు పిచ్‌కు కూడా బంతిని కొంచెం వెనక్కి జరిపి, కావాలనే వాలుస్తాం.

సమస్య: ఎత్తుగా లేపాలనుకుంటే లేవదు

వెడ్జ్ ముఖాన్ని తెరిచే, అంటే ఆకాశం వైపు మరింత తిప్పే, క్రమం తప్పుతోంది. ముందు గ్రిప్ పట్టుకుని తర్వాత మణికట్టుతో ముఖం తిప్పితే, స్వింగ్‌లో అది మళ్ళీ మూసుకుంటుంది. ముఖాన్ని ముందు తెరిచి, ఆ తర్వాతే గ్రిప్ పట్టుకోవాలి. బంతి కింద గడ్డి లేకపోతే ఈ షాట్ జోలికి పోవద్దు.

సమస్య: దూరం నిలకడగా రాదు

బ్యాక్‌స్వింగ్ పొడవుగా తీసి, భయంతో కిందికి వచ్చేటప్పుడు నెమ్మదిస్తున్నారు. వేగం ఒకేలా ఉంచి, ఎడమ చేయి, ఎదుటివారికి కనిపించే గడియారం ముల్లులా, ఏడున్నర, తొమ్మిది, పదిన్నర చోట్లకు వెళ్ళేలా మూడు కొలతలు పెట్టుకుని, ప్రతి వెడ్జ్‌కూ ఆ మూడు దూరాలు రాసుకోండి.

బంతి గ్రీన్ మీద ఆగకపోతే, గ్రూవ్‌ల్లోని (వెడ్జ్ ముఖం మీది గాళ్ళలోని) ఎండిన మట్టిని టీ (బంతిని నిలిపే చిన్న మేకు) మొనతో గీకండి. తడి గడ్డిలో, దట్టమైన రఫ్‌లో (పొడవుగా వదిలేసిన గడ్డిలో) స్పిన్ ఎలాగూ తగ్గుతుంది; బంతిని ముందే దింపి దొర్లనివ్వండి. షాంక్ (బంతి షాఫ్ట్ అతికే మెడకు తగిలి పక్కకు పోవడం) వస్తుంటే బరువు మునివేళ్ళ మీదికి పోతోందేమో చూసి అర బంతి దూరం వెనక్కి నిలబడండి. షాఫ్ట్ పొడవు, లై కోణం (షాఫ్ట్‌కూ నేలకూ మధ్య కోణం) వల్ల పిచ్ చెడటం అరుదు. వాటిని సోల్ మీది మట్టి చూశాక, అన్నిటికన్నా చివర పరీక్షించుకోవచ్చు.