సెవెన్ సిస్టర్స్ చూడాలంటే సీఫర్డ్‌లో దిగండి

ముందు పాత కాటేజీలు, వెనక వరసగా తెల్లటి సుద్ద కొండలు. ఇంగ్లండ్ సెవెన్ సిస్టర్స్ అనగానే అందరూ చూపించే ఫోటో అది. దానికోసం దిగాల్సింది ఈస్ట్‌బోర్న్‌లో కాదు, సీఫర్డ్‌లో. మొదటిసారి నేను ఒక్కదాన్నే ఈస్ట్‌బోర్న్ వైపు నుంచి వెళ్లి, రోజంతా ఆ కొండల మీదే నడిచాను. కొండ మీద నిలబడితే కొండేం కనిపిస్తుంది?

అమ్మానాన్నలు లండన్ వచ్చినప్పుడు ఆ తప్పు చేయలేదు. విక్టోరియా స్టేషన్‌లో రైలెక్కి లూయిస్‌లో మారితే గంటన్నరకి సీఫర్డ్. లండన్ రైళ్లలో, బస్సుల్లో వాడే ఆయిస్టర్ కార్డు అక్కడ చెల్లదు, టికెట్ విడిగా కొనాలి. స్టేషన్ నుంచి సముద్రం దగ్గరే. ఇసుక కోసం వెతక్కండి, అంతా గులకరాళ్లే. సముద్రం వైపు తిరిగి ఎడమచేతి దారి పట్టి, మార్టెల్లో టవర్ అనే గుండ్రటి పాత కోట బురుజు దాటాక సీఫర్డ్ హెడ్ అనే కొండ ఎక్కాలి. ఆయాసం వచ్చేది అక్కడే.

అమ్మ చెప్పులతో బయల్దేరింది. ముందురోజు వాన. తడిసిన సుద్ద సబ్బులా జారుతుంది. సగం దారి నాన్న చెయ్యి పట్టుకునే నడిచింది, మధ్యలో ఇద్దరికీ చిన్న గొడవ కూడా అయింది. మంచి పట్టున్న బూట్లు వేసుకోండి.

కొండ అంచుకి చాలాచోట్ల కంచె ఉండదు. పైన గడ్డి గట్టిగానే కనిపిస్తుంది, దాని కింద సుద్ద ఎప్పుడో రాలిపోయి ఉండొచ్చు. అసలు ఇవి ఇంత తెల్లగా ఉండేదే అందుకు: అలలు కొండ మొదలుని కోస్తుంటే పైది విరిగిపడి, లోపలి కొత్త సుద్ద బయటపడుతుంది. సెల్ఫీ కోసమైనా సరే అంచు దగ్గరికి వెళ్లొద్దు. కింద బీచ్‌లో కొండని ఆనుకుని కూర్చోవడం కూడా అంతే ప్రమాదం.

సీఫర్డ్ హెడ్ దాటాక వచ్చే హోప్ గ్యాప్ దగ్గర మెట్లు తెరిచి ఉంటే కిందికి దిగొచ్చు. ఆటు సమయంలోనే దిగండి. పోటు రోజూ ముందురోజు కంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి నిన్నటి టైమ్ ఇవాళ పనికిరాదు. నీళ్లు కొండ మొదలు దాకా వచ్చేస్తే పైకి రావడానికి వేరే దారి ఉండదు.

ఇంకాస్త నడిస్తే కాటేజీలు, అవతల సెవెన్ సిస్టర్స్. అమ్మ రెండుసార్లు లెక్కపెట్టి "ఎనిమిదున్నాయే" అంది. నిజమే, చివర్లో ఎనిమిదోది తయారవుతోంది. ఇక్కడ తొందరపడకండి, గంటసేపు కూర్చోండి.

మనకీ ఆ కొండలకీ మధ్య కక్‌మియర్ నది. చూడ్డానికి చిన్నదే. "దాటేద్దాం పదండి" అన్నారు నాన్న. దాటొద్దు, అక్కడ ప్రవాహం గట్టిది. వంతెన సుమారు రెండు కిలోమీటర్లు లోపలికి, ఎక్సీట్ దగ్గరుంది. 12వ నంబర్ బస్సు కూడా అక్కడే ఆగుతుంది, తిరిగి సీఫర్డ్ స్టేషన్‌కి చేరుస్తుంది. నది దాటనివ్వలేదన్న అలక నాన్నకి బస్సు వచ్చేదాకా పోలేదు.